బాపు సందుగలో ఏదీ పోదు

మా ఇంట్లో పండుగ పూట దేవుడి గూటికంటే ముందు దుమ్ము దులిపేది బాపు సందుగను. ఆకుపచ్చ రంగు వేసిన ఇనుప పెట్టె అది. మూత మీద ఎర్ర గులాబీ, దాని కింద ఎప్పుడో చెరిగిపోయిన అక్షరాలు. అమ్మ కాపురానికి వచ్చినప్పుడు అందులో ఆమె చీరలు వచ్చాయట. ఇప్పుడు అందులో సర్కారు కాపురం చేస్తోంది. రేషన్ కార్డు నుంచి కరెంటు బిల్లు దాకా, అవ్వ మరణ ధ్రువీకరణ పత్రం నుంచి మా అక్క పెళ్లి సీడీల దాకా అన్నీ అందులోనే. అమ్మ చీరలు మాత్రం గోనె సంచిలో మూటగట్టి అటక మీద ఉంటాయి. చీరను ఎలుక కొరికితే ఇంకో చీర కొనుక్కోవచ్చు, కరెంటు బిల్లును కొరికితే ఎవరు దిక్కని బాపు వాదన. ఆ బిల్లు కట్టేసి ఏళ్లు గడిచాయని చెప్పినా ఆయనకు పట్టదు.

“అదేమన్న బువ్వ అడుగుతాందా? పడి ఉండనీ,” అంటాడు.

ఆ లెక్కన మా ఇంట్లో బువ్వ అడిగేవాళ్లకే జాగా తక్కువ.

బాపు బండలు పరిచే మేస్త్రీ. తిరుమలగిరి చుట్టుపక్కల ఇళ్లలో, యాదగిరిగుట్ట కింద లాడ్జీల్లో ఆయన పరిచిన షాబాదు బండలు ఇప్పటికీ కదలకుండా ఉన్నాయి. లారీ నుంచి బండలు దిగగానే ఆయన చేసే మొదటి పని వాటిని సైజుల వారీగా వేరు చేసి గోడకు ఆనించడం. పెద్దవి ఒక వరుస, నడిమివి ఒక వరుస, చిన్నవి ఒక వరుస. ఆ తర్వాతే దారం కట్టడం, సిమెంటు మాలు కలపడం. “సైజు కలిస్తెనే సందు కనపడకుంట ఉంటది,” అనేది ఆయన మంత్రం. బండల విషయంలో అది పనికొచ్చే మంత్రమే. దాన్ని తెచ్చి ఇంట్లో కాగితాల మీద ప్రయోగించాడు. తంటా అక్కడ మొదలైంది.

మా సందుగలో ఒక కాగితం దేని గురించి అన్నది ఎవరికీ అక్కర్లేదు. ఎంత పొడుగు, ఎంత వెడల్పు అన్నదే దాని కులగోత్రాలు. పెద్దవాటి వరుసలో నా టెన్త్ మెమో, అవ్వ మరణ పత్రం, బోరు వేసినవాళ్లు ఇచ్చిన రసీదు, ఎరువుల దుకాణం వాళ్ల క్యాలెండర్‌లోని డిసెంబర్ పేజీ, ఒకదాని మీద ఒకటి అంచులు కలిపి పడుకునేవి. నడిమి వరుసలో బ్యాంకు పుస్తకాలు, పెళ్లి పత్రికలు, అమ్మ బీపీ మందుల చీటీలు. చిన్న వరుసలో ఆధార్ కార్డులు, ఓటరు కార్డులు, ఒక రేడియో మెకానిక్ విజిటింగ్ కార్డు. రేడియో ఎప్పుడో పోయింది, మెకానిక్ ఉన్నాడో లేదో తెలియదు, కార్డు సైజు మాత్రం సరిపోయింది. ఎక్స్‌రే ఫిల్ములు ఏ వరుసకూ ఒదగక సందుగ అడుగున పరిచాడు. అలా మా అవ్వ విరిగిన తుంటి ఎముక మీద మా కుటుంబం ఆస్తిపాస్తులన్నీ నిలబడ్డాయి.

సీడీలతో ఆయనకు పెద్ద చిక్కు వచ్చింది. బండల్లో గుండ్రటివి ఉండవు. అక్క పెళ్లి సీడీలు, మేనత్త కొడుకు పెళ్లి సీడీ, ఎవరెవరో బంధువులు ‘చూడండి’ అని పంచిపెట్టిన శుభకార్యాల సీడీలు, వేటినీ ఎవరూ చూసింది లేదు. సీడీలు ఆడించే పెట్టె చెడిపోయి కూడా చాలా కాలమైంది. అయినా వాటికి ఒక జాగా ఉండాలి కదా. ఇల్లంతా వెతికి అప్పడాల డబ్బా పట్టుకొచ్చాడు. “కొలిచి చేసినట్టున్నది సూడు,” అని మురిసిపోయాడు. అప్పడాలను అమ్మ కవర్లో కట్టి కొక్కేనికి వేలాడదీసింది. వానాకాలంలో అప్పడాలు మెత్తబడ్డాయి, సీడీలు మాత్రం కరకరలాడుతూ ఉన్నాయి.

నేను నర్సింగ్ చదివే రోజుల్లో ఒకసారి సెలవులకు వచ్చి ఈ రాజ్యాన్ని బాగుచేద్దామని పూనుకున్నాను. రంగురంగుల ప్లాస్టిక్ ఫైళ్లు కొని తెచ్చాను. దవాఖానవి ఒకదాంట్లో, బ్యాంకువి ఒకదాంట్లో, చదువువి ఒకదాంట్లో పెట్టి మీద చీటీలు అంటించాను. బాపు పక్కనే కూర్చుని ఎంతో శ్రద్ధగా చూశాడు. “మంచిగున్నది బిడ్డా, సదువుకున్నోళ్ల పని సదువుకున్నోళ్లదే,” అన్నాడు. నేను బస్సెక్కి పోగానే ఫైళ్లన్నీ ఖాళీ చేసి కాగితాలను మళ్లీ సైజుల్లోకి తెచ్చాడు. ఖాళీ ఫైళ్లను కూడా పారేయలేదు. అవి పెద్ద వరుసలో సరిగ్గా సరిపోయాయి.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఈ పిచ్చికి ఒక మూలం ఉంది. మా తాత కూలి చేసి కూడబెట్టి ఊరి బయట వానకు పండే చెలక ముక్క ఒకటి కొన్నాడు. రిజిస్ట్రేషన్ అనే మాట అప్పట్లో మా వాళ్ల దాకా రాలేదు. తెల్ల కాగితం మీద రాయించుకుని, నలుగురి చేత వేలిముద్రలు వేయించుకుని, దాన్ని గుడిసె చూరులో చెక్కాడు. ఆ ఏడు వానలు గట్టిగా కొట్టాయి. తీసి చూస్తే కాగితం తడిసిన పిండిలా చేతికొచ్చింది. చెలక అమ్మినాయన కాలం చేశాక ఆయన కొడుకులు పంచాయితీ పెట్టి ‘కాగితం చూపెట్టు’ అన్నారు. చూపెట్టడానికి ఏమీ లేదు. తాత ఆ తర్వాత అదే చెలకలో కూలికి పోయాడు.

బాపు ఈ కథ చెప్పినప్పుడల్లా చివర్లో ఒకే మాట అంటాడు. “చెలక పోతె పోయింది బిడ్డా. నలుగుర్ల నిలబడి ‘కాగితం పోయింది’ అని మా నాయిన చెప్పిండు సూడు, గా మాట నా ఇంట్ల ఇనపడొద్దు.”

అందుకే వాడకట్టులో ఎవరి కార్డన్నా పోయిందంటే బాపుకు ఎక్కడలేని హుషారు వచ్చేది. పరామర్శకు పోయినట్టు పోయి, “ఎట్ల పోగొట్టినవ్ అసలు?” అని అడిగి, వాళ్ల ముఖాలు మాడ్చి, ఇంటికొచ్చి తన సందుగను ఒకసారి తడిమి చూసుకునేవాడు.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఇంటింటి సర్వే జరిగింది. ఆ రోజు ఎక్కడివాళ్లు అక్కడే ఇంట్లో ఉండాలన్నారు. బస్సులు లేవు, పనులు లేవు, ఊరంతా వాకిళ్లలో కూర్చుంది. మా బాపుకైతే ఇంటికి పెళ్లివారు వస్తున్నంత సంబరం. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వాకిట్లో మంచాలు వేసి వరుసలన్నీ పరిచాడు. జన్మలో మొదటిసారి సర్కారు తనంతట తాను నడిచొచ్చి ‘నీ కాగితాలు చూపించు’ అంటోంది మరి.

రాయడానికి వచ్చినాయన ఎవరో బడి పంతులు. ఎండకు ముఖం కందిపోయి ఉంది. కుర్చీలో కూలబడి, “గ్యాస్ బుక్కు తీయండి,” అన్నాడు.

“ఎంత సైజుంటది సార్?” అన్నాడు బాపు.

పంతులు రాత ఆపి తలెత్తి చూశాడు. ఆ ప్రశ్న అప్పటిదాకా ఏ ఇంట్లోనూ వచ్చి ఉండదు. చేత్తో గాలిలో ఇంత అని చూపించాడు పాపం. బాపు నడిమి వరుసలోంచి పేకముక్కలు పంచినట్టు పంచుకుంటూ పోతుంటే, గ్యాస్ బుక్కుకంటే ముందు చెదలు బయటపడ్డాయి. ఒక పెళ్లి పత్రిక మూల నుంచి మొదలుపెట్టి, పక్కనున్న బ్యాంకు పుస్తకం అంచు దాకా మట్టి గీత గీసుకుంటూ వచ్చాయి. తాత కాగితం వాన పాలైంది, తన కాగితం చెదల పాలైంది అనుకున్నాడో ఏమో, బాపు ముఖం నల్లబడింది.

పంతులు మంచివాడు. ఊరుకోలేక ఒక సలహా పారేసి పోయాడు. “లామినేషన్ చేయించుకో పెద్దమనిషీ. నీళ్లకు చెడది, చెదలకు చెడది.”

ఆ సర్వే వల్ల రాష్ట్రానికి ఒరిగిందేమిటో పెద్దలు చెప్పాలి. మా ఇంటికి ఒరిగింది మాత్రం ఇదే.

తిరుమలగిరి బస్టాండు దగ్గర జిరాక్స్ దుకాణం ఒకటి ఉంది. అక్కడి లామినేషన్ మిషన్‌కు బాపును మించిన భక్తుడు దొరకలేదు. పని లేనప్పుడల్లా ఒక వరుస పట్టుకుని పోయేవాడు, వేడివేడిగా ప్లాస్టిక్‌లో కాలిన కాగితాలతో తిరిగొచ్చేవాడు. “రొట్టెలు కాల్చుకొచ్చినట్టు కాల్చుకొస్తాండు,” అనేది అమ్మ. రేషన్ కార్డు అయింది, ఓటరు కార్డులు అయ్యాయి, పెళ్లి పత్రికలు పసుపు మరకలతో సహా అయ్యాయి, డిసెంబర్ పేజీ కూడా అయింది. అమ్మ బీపీ చీటీని కూడా వదల్లేదు. దవాఖానలో డాక్టరమ్మ దాని మీద కొత్త మాత్ర పేరు రాయబోతే పెన్ను జారింది. ఇంకోసారి గీకింది, మళ్లీ జారింది. చివరికి అమ్మ అరచేతి మీద రాసి పంపింది. అమ్మ ఆ పూటంతా చెయ్యి కడుక్కోకుండా, ఎడమ చేత్తో చెంచాతో అన్నం తిన్నది.

అన్నీ భద్రమయ్యాయి అనుకునేలోపు జిల్లాలు విడగొట్టారు. మేం ఇంటి గడప దాటలేదు, జిల్లాయే మమ్మల్ని వదిలి పోయింది. బాపు ప్లాస్టిక్‌లో పెట్టించి చెదలకూ వానకూ అందకుండా దాచిందల్లా పాత జిల్లా. కొత్త జిల్లా పేరుతో కొత్త కార్డులు వస్తే వాటికీ ప్లాస్టిక్ తొడిగించాడు. పాతవి పారేశాడనుకుంటే మీరు మా బాపును ఇంకా అర్థం చేసుకోలేదన్నమాట.

ఈ ఊపులోనే అక్క పెళ్లి సీడీని కూడా లామినేషన్‌కు తీసుకుపోయాడు. అది కాగితం కవర్లో ఉండటంతో దుకాణం అతను చూసుకోకుండా మిషన్‌లో దూర్చాడు. సగం పోయి ఇరుక్కుంది. పొగ వచ్చింది. అక్క పెళ్లి సగం మిషన్ లోపల, సగం బయట. ప్లగ్గు పీకి, మిషన్ విప్పి, ఆ సీడీని బయటికి తీసేసరికి అది అప్పడం కాలినట్టు వంగిపోయింది. దుకాణం అతను మర్నాడే గోడకు ఒక కాగితం అంటించాడు: ‘ఇక్కడ సీడీలకు లామినేషన్ చేయబడదు’. అలాంటి బోర్డు అవసరపడ్డ దుకాణం ఇంకోటి ఉంటుందని నేననుకోను. వంగిన సీడీ ఇక డబ్బాలో పట్టదు కాబట్టి బాపు దాన్ని మేకుకు తగిలించాడు. ఎండ పడితే గోడ మీద రంగులు ఆడేవి. అక్క పెళ్లి అలాగైనా ఒకసారి ఆడింది.

నేనప్పుడు నర్సింగ్ హాస్టల్లో ఉన్నాను. ఇంటికొచ్చి చూస్తే నా టెన్త్ మెమో కూడా మందపాటి ప్లాస్టిక్‌లో, నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించుకుని మెరుస్తోంది. నిజం చెప్పొద్దూ, నాకు బాగానే అనిపించింది. ఇంటర్ మెమోను నేను కాలేజీ ఆఫీసులోనే వదిలేసి ఇంటికి తేవడం మరిచిపోయాను. నర్సింగ్ సర్టిఫికెట్లు హాస్టల్ పెట్టెలో లోదుస్తుల కింద పడున్నాయి. నా అశ్రద్ధే వాటిని కాపాడిందని తర్వాత తెలిసింది.

స్టాఫ్ నర్సు ఉద్యోగానికి మెరిట్ లిస్టులో నా నంబరు వచ్చిన రోజు అమ్మ ఏడ్చింది, బాపు సందుగ తెరిచాడు. మా రెండు వైపుల చుట్టాల్లో సర్కారు కొలువు చేసినవాళ్లు లేరు. సర్టిఫికెట్లు చూపించడానికి పాత జిల్లా కేంద్రం నల్లగొండకు రమ్మన్నారు. బాపు కూడా బయల్దేరాడు. మెమోను కొత్త టవల్లో చుట్టి, దాన్ని నాకు కూడా ఇవ్వకుండా, బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

అక్కడి ఆఫీసరు నా మెమోను తీసుకుని అటూ ఇటూ తిప్పి బల్ల మీద టపటపా కొట్టాడు. “ఇదేందమ్మా, దీనికి చొక్కా తొడిగినవ్?”

“భద్రంగ ఉంటదని సార్.”

“ఒరిజినల్ కాగితం పట్టి చూడాలె. లామినేషన్ ఉంటే చెల్లదని రాసి ఉన్నది కద, చదవలేదా?”

“అన్నీ కనపడుతున్నయి కద సార్.”

“నాకు కనపడితే కాదమ్మా, రూల్‌కు కనపడాలె.”

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఏమో అనుకున్నాను. గుమ్మం దగ్గర నిలబడ్డ బాపుకు మాటలు సరిగ్గా వినిపించలేదేమో, ఆఫీసరు దాని గట్టిదనం మెచ్చుకుంటున్నాడనుకుని ముందుకొచ్చాడు. “నీళ్లల్ల ముంచి తీసినా ఏం కాదు సార్,” అన్నాడు గర్వంగా. ఆఫీసరు ఆయన వంక చూసి, నా వంక చూసి, ప్లాస్టిక్ తీయించుకుని రేపు రమ్మన్నాడు. నా వెనక వరుసలో ఉన్నవాళ్లు ముందుకు జరిగారు.

తిరుమలగిరి వచ్చి నేరుగా జిరాక్స్ దుకాణానికి పోయాం. అతను మెమోను చూసి చేతులెత్తేశాడు. “ఏసుడే నాకొస్తది కాకా, తీసుడు నాకు రాదు,” అన్నాడు. కానీ సలహాలకు మాత్రం కరువు రాలేదు. ఒకరు ఫ్రిజ్‌లో పెట్టమన్నారు, ఒకరు ఎండలో పెట్టమన్నారు, ఒకరు కిరసనాయిలు పూయమన్నారు, చాయ్ తాగుతున్న పెద్దమనిషి ఇస్త్రీ పెట్టెతో కొద్దిగా కాకపెడితే పొర లేస్తుందన్నాడు. చివరి సలహా బాపుకు నచ్చింది. వేడితో అతికింది వేడితోనే ఊడాలి కదా అన్నాడు. వినడానికి న్యాయంగానే ఉంది.

ఇంటి వెనక సిమెంటు గద్దె మీద మెమోను పెట్టి, పైన బట్ట వేసి, ఇస్త్రీ పెట్టెతో కాకపెట్టాడు. మూల దగ్గర గోటితో పట్టి లాగడం మొదలుపెట్టాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి, “జర నిమ్మళం, పిల్ల బతుకున్నదాంట్ల,” అంటూనే ఉంది. పొర నెమ్మదిగా లేచింది. బాపు ముఖంలో నవ్వు కూడా వచ్చింది. సగం దాకా వచ్చాక చూశాను. ప్లాస్టిక్‌తో పాటు అక్షరాలూ లేచొస్తున్నాయి. నా పేరు, బాపు పేరు, పుట్టిన తేదీ, మార్కులు అన్నీ ప్లాస్టిక్‌కు అంటుకుని పోయాయి, కాగితం మీద మాసిన మచ్చలు మిగిలాయి. కంచే చేను మేయడం అంటే అదే.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ వెటకారంగా అన్న మాటలన్నీ ఆ రోజు వెటకారం లేకుండా అన్నాను. “వానకు పోలే, చెదలకు పోలే. నా కొలువును నీ సందుగ తిన్నది బాపు,” అన్నాను. ఆయన ఒక చేతిలో ప్లాస్టిక్, ఒక చేతిలో కాగితం పట్టుకుని రెండింటినీ మళ్లీ దగ్గరికి చేర్చి అంచులు కలుపుతూ కూర్చున్నాడు.

మర్నాడు నల్లగొండలో ఆఫీసరు గడువు రాసిచ్చాడు. ఆలోపు మెమో డూప్లికేట్ తెస్తే సరి, లేకపోతే పోస్టు నా తర్వాతి నంబరు వాళ్లకు పోతుంది. డూప్లికేట్ ఎలా తెచ్చుకోవాలో కనుక్కుందామని నేను చదివిన బడికి పోయాం. అక్కడి గుమస్తా పాత మెమో రెండు ముక్కలనూ చూసి పెదవి విరిచాడు.

“ఖరాబైందని పెడితే గీ ఖరాబైంది జమ చెయ్యాలె. అది పైకి పోవాలె, ఆళ్లు సూడాలె, మళ్ల రావాలె. ఎన్నడొస్తదో నేను చెప్పలేను. పోయిందని పోలీసు కాగితం తెస్తే జల్ది అయితది. అందరు గట్లనే చేస్తరు.”

అంటే సంగతి ఇది. పాత రేడియో మెకానిక్ కార్డు కూడా పోగొట్టుకోని మనిషి, ఊళ్లో ఎవరి కార్డు పోయినా పోయి మరీ వెక్కిరించి వచ్చిన మనిషి, పోలీస్ స్టేషన్‌కు పోయి ‘మా కాగితం పోయింది’ అని రాయించాలి. అదీ చేతిలో ఉన్న కాగితం గురించి.

బాపు ఒప్పుకోలేదు. “ఉన్నదాన్ని పోయిందని ఎట్ల చెప్తం? నా సందుగల పెట్టినంక పోయిందంటె ఎవలు నమ్ముతరు?” అన్నాడు. ఎవరూ నమ్మరేమోనని ఆయన బెంగ. నమ్ముతారేమోనని అసలు బెంగ అని నాకు తర్వాత అర్థమైంది. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. అమ్మ కంచం తీస్తూ ఒక్కటే అడిగింది. “నీకు బిడ్డ ఎక్కువనా, పెట్టె ఎక్కువనా?”

పొద్దున లేచేసరికి బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని చెప్పులు తొడుక్కుని వాకిట్లో ఉన్నాడు. “పా,” అన్నాడు.

దారిలో చెప్పాను. “నువ్వు ఊకె నిలబడు బాపు. మెమో నాది, నేనే చెప్త.” ఏం చెప్పాలో బస్సులో మనసులో అనుకుంటూ వచ్చాను కూడా. బాపు తలూపాడు.

స్టేషన్‌లో బల్ల వెనక కూర్చున్న కానిస్టేబుల్ కాగితం, పెన్ను ముందుకు లాక్కున్నాడు. గొర్రెల తగాదా మీద వచ్చినవాళ్లు నలుగురైదుగురు గోడకు ఆనుకుని ఉన్నారు.

“ఏం పోయింది?”

“టెన్త్ మెమో సార్, నాది,” అన్నాను.

“ఎట్ల పోయింది?”

నేను నోరు తెరిచేలోపు బాపు ముందుకొచ్చాడు. “నేను పోగొట్టిన సార్.”

“యాడ?”

“బస్సుల. చిట్యాల కాడ.”

“చిట్యాల కాడ పోతే చిట్యాల స్టేషన్ల చెప్పుకోవాలె కద పెద్దాయనా. ఈడికెందుకొచ్చినవ్?”

బాపు బిక్కచచ్చిపోయాడు. చెప్పక చెప్పక ఒక అబద్ధం చెప్తే అది కూడా వేరే హద్దులో పడింది. “కాదు సార్. బస్సు దిగినంక సూసుకున్న. గీడనే, బస్టాండ్ల,” అన్నాడు.

కానిస్టేబుల్ పెన్ను పక్కన పెట్టాడు. “ఆలోచించి చెప్పు. అసలు యాడ పోయింది?”

గోడకు ఆనుకున్నవాళ్లు కూడా తమ గొర్రెలను మరిచి ఇటే చూస్తున్నారు. బాపు వాళ్లను చూశాడు. తర్వాత నేల మీద బండలను చూశాడు.

“యాడ పోతె ఏంది సార్,” అన్నాడు. “పోయింది. బిడ్డ నమ్మి నా చేతికిచ్చింది. జాగ్రత్త చేసుడు రాక పోగొట్టిన. రాసుకోండ్రి.”

వెటకారం నాకు ఎప్పుడూ వెతుక్కోవాల్సిన అవసరం రాలేదు. ఆ రోజు మాత్రం వెతికినా దొరకలేదు. పోలేదు సార్, మా బాపు ఏదీ పోగొట్టడు అని గట్టిగా చెప్పాలనిపించింది. చెప్తే కొలువు పోతుంది. సంతకం పెట్టాను. మా తాత పంచాయితీలో ఎలా నిలబడ్డాడో నేను చూడలేదు గానీ, ఇలాగే నిలబడి ఉంటాడు.

కానిస్టేబుల్‌కు కూడా జాలి వేసినట్టుంది. కాగితం మీద ముద్ర వేసిస్తూ గొంతు తగ్గించి, సొంత మనిషికి చెప్పినట్టు చెప్పాడు. “ఈసారి కొత్తది వచ్చినంక లామినేషన్ చేయించుకో పెద్దాయనా. భద్రంగ ఉంటది.”

“అట్లనే సార్,” అన్నాడు బాపు.

గడువు దాటకముందే డూప్లికేట్ వచ్చింది. నేను కొలువులో చేరాను. మెమోను ఇంటికి తెచ్చి చూపిస్తే బాపు చేతులు కడుక్కుని వచ్చి, అంచులు పట్టుకుని చూసి, నా చేతికే తిరిగిచ్చాడు. “నీ దగ్గర్నే ఉండనీ బిడ్డా,” అన్నాడు. నేను సందుగలో పెట్టమని రెండుసార్లు అడిగాను. తీసుకోలేదు. జిరాక్స్ దుకాణం వైపు కూడా ఆయన మళ్లీ పోలేదు.

మొన్న అమ్మను కళ్ల ఆపరేషన్‌కు తీసుకుపోవాల్సి వచ్చి ఆమె ఆధార్ కార్డు కోసం నేనే సందుగ తెరిచాను. కార్డు చిన్న వరుసలో మూడోదే దొరికింది. మూత వేయబోతూ ఎందుకో పెద్ద వరుస ఎత్తి చూశాను. అన్నిటికంటే అడుగున, ఎక్స్‌రేల మీద, మచ్చలు పడ్డ నా పాత మెమో ఉంది. దాని మీద నా పేరూ మార్కులూ అంటుకుపోయిన ప్లాస్టిక్ పొర. దాని మీద, మెమో పోయిందని ముద్ర వేసి ఇచ్చిన పోలీసు కాగితానికి అప్పట్లో నేను తీయించిన జిరాక్స్ ప్రతి. మూడింటి అంచులూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసి ఉన్నాయి.

వాకిట్లోంచి బాపు గొంతు వినిపించింది. “దొరికిందా బిడ్డా?”

“దొరికింది బాపు.”

“దొరకక యాడికి పోతది,” అన్నాడు. కొంచెం గొంతు తగ్గించి అడిగాడు. “నా సందుగల పెట్టినంక ఏదన్న పోయిందా ఇప్పటిదాంక?”

నేను ఆ మూడు కాగితాలను ఎలా ఉన్నవాటిని అలాగే పెట్టి, మీద మిగతా వరుసను అంచులు కలిపి సర్దాను.

“ఏది పోలే బాపు,” అన్నాను.